కొండ ఎవరికి? దుమ్ము ఎవరికి?

విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాటి రండి. దొనబండ, పరిటాల దగ్గరికొచ్చేసరికి కొండలు కొండల్లా ఉండవు. సగానికి కోసిన జున్నుగడ్డల్లా నిలబడి ఉంటాయి. వాటి కింద క్రషర్లు. క్రషర్ల చుట్టూ చెట్టూ పుట్టా అన్నీ ఒకే రంగు. అక్కడి నుంచి కంచికచర్ల, నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు పోతే ఇంకో రకం. అక్కడ నేలే లోపలికి పోతోంది. సిమెంటు కోసం సున్నపురాయి తవ్విన గుంతలు కనపడతాయి. ఒకచోట ఎత్తు తరుగుతోంది, ఇంకోచోట లోతు పెరుగుతోంది. రెండు చోట్లా పక్కన ఉన్నది మన పల్లెలే.

2022 ఏప్రిల్లో కృష్ణా జిల్లాను చీల్చి ఈ మెట్ట మండలాలన్నిటినీ ఎన్టీఆర్ జిల్లాలో కలిపారు. ఆఫీసుల మీద బోర్డులు మారాయి. పల్లెల మీద పడే దుమ్ము మాత్రం మారలేదు.

ఈమధ్య మేం ఈ మండలాల్లో కొన్ని పల్లెలు తిరిగాం. ఒక పల్లెలో ఒక పెద్దమ్మ నీళ్ల బిందె మీద తడిగుడ్డ కప్పుతూ కనపడింది. ఎందుకు పెద్దమ్మా అని అడిగాం. "ఏం చెప్పమంటారు నాయనా! నేను కాపరానికొచ్చిన కొత్తల్లో ఆ కొండ మీద మేకలు కాసేవోళ్లం. పొయ్యిలోకి పుల్లలు తెచ్చుకునేవోళ్లం. సీతాఫలాలు కోసుకొచ్చి సంతలో అమ్ముకునేవోళ్లం. ఇప్పుడు మేం కొండకి పోనక్కర్లా. ఆ కొండే పిండిపిండిగా మా ఇంట్లోకొస్తా ఉంది" అంది.

ఆ కొండలో కంకరయ్యే భాగం టిప్పరెక్కి పోయింది. దుమ్మయ్యే భాగం ఆ తల్లి బిందె మీద వాలింది. కంకర డబ్బు ఎవరికి పోయింది, దుమ్ము ఎవరికి మిగిలింది అని అడగడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పోరంబోకు అంటే ఎవరిదీ కానిదా?

తహసీల్దారు ఆఫీసులో అడిగితే ఆ కొండని గట్టు పోరంబోకు అంటారు. పోరంబోకు అంటే శిస్తు రాని నేల. తెల్లదొరలు శిస్తు లెక్కల కోసం వాడిన మాట అది. శిస్తు రాకపోతే ఆ నేలకు విలువ లేదనేది వాళ్ల లెక్క. వాళ్లు పోయినా లెక్క పోలేదు. కానీ సెంటు భూమి లేనివాడికి ఉన్న భూమి ఆ పోరంబోకే. మేకకు మేత అక్కడ. పొయ్యికి పుల్ల అక్కడ. చచ్చినోణ్ణి పూడ్చేది ఆ కొండ మొదట్లోనే. కొండ మీద పడిన వానే వాగై, చెరువై, పల్లె బావిలో ఊటవుతుంది. రికార్డులో ఈ సంగతులేవీ ఉండవు. అందుకే లీజు ఇచ్చేటప్పుడు పల్లెని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

అసలు మన పల్లె కొండ పక్కకి ఎట్లా వచ్చింది? మనమేమీ ముచ్చటపడి పోలేదు. చెరువు కింద మాగాణి వాళ్లది. ఊరి నడిబొడ్డు వాళ్లది. మనకు దూరంగా వాగు ఒడ్డు చూపించారు, రాళ్లదిబ్బ చూపించారు, కొండ మొదలు చూపించారు. అంటరానితనం మనకిచ్చిన చిరునామా అది. ఇప్పుడు క్వారీ వెతుక్కుంటూ ఆ చిరునామాకే వచ్చింది.

ఇంకో సంగతి చూడండి. మేం తిరిగిన పల్లెల్లో జనం అదే పనిగా చెప్పిన మాట ఇది. క్వారీకి జనావాసం ఎంత దూరమని కాగితాల్లో రాసేటప్పుడు ఊరి పేరు రాసి, ఊరి నుంచి కొలుస్తారట. పల్లె ఊళ్లో భాగం కాదని పండగలకీ పబ్బాలకీ చెప్పినవాళ్లే, ఇక్కడ మాత్రం పల్లెకి వేరే దూరం రాయక్కర్లేదంటున్నారు. కులం కళ్లకు కనపడని మనిషి సర్వే టేపుకి కూడా కనపడకుండా పోతున్నాడు.

ఎకరం పట్టా ఎటు పోయింది?

ఈ కొండల మొదళ్లలో మనవాళ్లకు ఎకరం, అరెకరం డి-ఫారం పట్టాలున్నాయి. రాళ్లు ఏరి, ముళ్లకంప కొట్టి, రెండు తరాలు చెమటోడ్చి సాగులోకి తెచ్చిన భూములవి. వాటిలో కంది, పత్తి, మిరప వేసుకున్నారు. సాగర్ ఎడమ కాలవ చివరి నీళ్లు వస్తే వచ్చాయి, లేకపోతే ఆకాశం వైపు చూశారు. ఇప్పుడు పత్తి పువ్వు మీద దుమ్ము. మిరప ఆకు మీద దుమ్ము. దుమ్ము పేరుకున్న ఆకుకి ఎండ సరిగ్గా తగలదు, ఊపిరాడదు. పూత రాలిపోతుంది. రెండేళ్లు నష్టపోయిన రైతు మూడో ఏడు బీడు పెడతాడు. బీడు పెట్టగానే క్రషర్ మేస్త్రీ వచ్చి టిప్పర్లు తిప్పుకుంటాం, డస్టు పోసుకుంటాం, ఏడాదికి ఇంతిస్తాం అంటాడు. అప్పు నెత్తిన ఉన్నవాడు ఒప్పుకుంటాడు. ఆ తర్వాత ఆ భూమిలో మళ్లీ నాగలి దిగదు.

1977లో అసైన్డ్ భూముల చట్టం వచ్చింది. పేదవాడికిచ్చిన భూమి పెద్దవాడి చేతికి పోకూడదన్నది దాని ఉద్దేశం. అసైన్డ్ భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకున్నా సొంత పట్టాదారుతో సమానంగా నష్టపరిహారం ఇవ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఈ తీర్పు సంగతి మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? 2023లో చట్టాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూముల్ని అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అట్లాంటి రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ అన్నారు. అమ్మే హక్కు ఇచ్చామని ఒకరు, అందులో అక్రమాలు జరిగాయని ఇంకొకరు అంటున్నారు. దుమ్ము కింద పంట పోగొట్టుకుని అమ్మేవాడిది హక్కా, గత్యంతరం లేకపోవడమా అని అడిగేవాళ్లు మాత్రం లేరు.

నీళ్లు

కొండని తవ్వితే నీళ్ల దారి మారుతుంది. వాన నీటిని ఆపి మెల్లగా కిందికి వదిలే చెట్లు, మట్టి ముందు పోతాయి. తర్వాత రాయి పోతుంది. అప్పుడు వాన వస్తే నీళ్లు ఇంకవు, బురదై ఉరికి వస్తాయి. రాతిపొడి చెరువు అడుగున సిమెంటు పూతలా పట్టేస్తుంది. సున్నపురాయి గుంతల కథ వేరు. గుంత భూగర్భజలం కన్నా లోతుకి పోతే చుట్టుపక్కల ఊట ఆ గుంతలోకే లాగుతుంది. దాన్ని మోటార్లతో తోడి బయట పోస్తేనే తవ్వకం సాగుతుంది. పక్క బావి ఎండిపోతుంది. బోరు ఇంకో వంద అడుగులు దిగాలి. బోరు దింపే స్తోమత ఎవరికుందో, బిందె పట్టుకుని టాంకరు కోసం నిలబడేది ఎవరో వేరే చెప్పాలా?

పని అయిపోయాక గుంతని అట్లాగే వదిలేస్తారు. కంచె ఉండదు, బోర్డు ఉండదు. వానకి నిండుతుంది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ఈతకు దిగుతారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో క్వారీల పక్కన బతికే ప్రతి తల్లికీ తెలుసు.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చవదార్ చెరువులోకి దిగి దోసెడు నీళ్లు తాగారు. ఆ రోజు మనవాళ్లని నీళ్లు ముట్టనివ్వలేదు. ఈ రోజు ముట్టుకోనిస్తారు గానీ ముట్టుకోడానికి నీళ్లే మిగల్చరు. షెడ్యూల్డు కులాల వాళ్లు మామూలుగా వాడుకునే నీటి వనరును పాడుచేయడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మన భూమి అనుభవానికి, నీటి హక్కుకి అడ్డం రావడం కూడా నేరమే. ఈ చట్టం కొట్టినప్పుడూ తిట్టినప్పుడూ మాత్రమే పనికొస్తుందని మనం అనుకుంటున్నాం. చెరువులో రాతిపొడి కలిపినవాడి మీద ఈ సెక్షన్లు ఎందుకు పెట్టరని పోలీస్ స్టేషన్లో అడిగిన పల్లె ఎన్ని ఉన్నాయి?

ఊపిరితిత్తుల్లో రాయి

రాళ్లన్నీ ఒకటి కావు. సున్నపురాతి దుమ్ము కళ్లు మండిస్తుంది, దగ్గు తెస్తుంది. కంకర కొట్టే గట్టి రాయి అంతకన్నా ప్రమాదం. అందులో సిలికా ఉంటుంది. రాయి పగిలినప్పుడు కంటికి కనపడే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. కంటికి కనపడనంత సన్నటి పొడి ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ మాంసం గట్టిపడి మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగేకొద్దీ ఊపిరి తగ్గుతుంది. దీన్ని సిలికోసిస్ అంటారు. దీనికి మందు లేదు. పని మానేసినా జబ్బు ముదురుతూనే ఉండొచ్చు.

ఇందులో మోసం ఎక్కడుందో చెప్తాం. ఈ జబ్బు చూడ్డానికి క్షయలాగే ఉంటుంది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం అన్నీ ఒకటే. ఈ జబ్బున్నవాడికి క్షయ తొందరగా పడుతుంది కూడా. అందుకని ఆస్పత్రికి పోతే క్షయ మందులిచ్చి పంపిస్తారు. క్షయ అని రాస్తే అది రోగి తలరాత. సిలికోసిస్ అని రాస్తే అది యజమాని తప్పు. పరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల పట్టికలో సిలికోసిస్ ఉంది. కాబట్టి చీటీ మీద డాక్టరు రాసే ఒక్క మాట దగ్గర లక్షల రూపాయల తేడా ఉంది. "నువ్వు ఏం పని చేస్తావు?" అని డాక్టరు అడగాలి. అడగకపోతే మనమే చెప్పాలి. ఎక్స్‌రే తీయమనాలి. క్రషర్లో ఎన్నేళ్లు చేశామో చీటీ మీద రాయమనాలి.

నీళ్లు చిమ్మితే దుమ్ము చాలావరకు అక్కడే అణిగిపోతుంది. క్రషర్‌కి మూత, చుట్టూ గోడ, బెల్టుల మీద రేకులు, టిప్పర్ మీద పట్టా, తడిపిన రోడ్డు, చుట్టూ చెట్లు కావాలి. పొల్యూషన్ బోర్డు షరతులు ఇవే. ఇందులో ఆకాశం నుంచి దించాల్సిన యంత్రం ఏదీ లేదు. కానీ నీళ్లకి డబ్బు, మోటారుకి డబ్బు. తనిఖీ వచ్చే రోజు పైపులు తిరుగుతాయి, మర్నాడు ఆగిపోతాయి. అని చెప్పింది ఆ క్రషర్లో పనిచేసే కుర్రవాడే.

కూలీ ఎవరు, శత్రువు ఎవరు?

ఇక్కడ మనలో మనకే ఒక చిక్కుంది. దాన్ని దాచిపెట్టి సంపాదకీయం రాస్తే అబద్ధం రాసినట్టే.

మేం ఒక పల్లెలో మీటింగు పెడితే సగం మంది క్వారీ మూయించాలన్నారు. మిగతా సగం తలొంచుకుని కూర్చున్నారు. తర్వాత ఒక తమ్ముడు పక్కకి పిలిచి, "అన్నా, మూయిస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు. పత్తి తీతకి ఏడాదిలో ఎన్ని రోజులు పిలుస్తారు? క్వారీ రోజూ పిలుస్తుంది" అన్నాడు. అతని మాటలో తప్పేముంది? భూమి ఇవ్వని వ్యవస్థ, కొండ మీద బతుకు తీసేసిన వ్యవస్థ, చివరికి ఆ కొండని పగలగొట్టే కూలే దిక్కు చేసింది.

రాతిపనిలో తరతరాలుగా ఉన్నది వడ్డెర అన్నదమ్ములు. కోటలు, చెరువు కట్టలు, బావులు కట్టిన చేతులవి. క్వారీలు వడ్డెర సొసైటీలకు ఇస్తామని ప్రతి ప్రభుత్వమూ చెప్తుంది. పేరు సొసైటీది, యంత్రాలు పెట్టుబడిదారువి అయిన చోట వాళ్లకి దక్కేది సంతకం కూలీ. ఇప్పుడు ఒడిశా, బీహారు నుంచి కూలీలు వస్తున్నారు. భాష రాదు, ఊళ్లో చుట్టం లేడు, ఎదురుతిరగలేడు. అట్లాంటివాడే యజమానికి కావాలి.

వాళ్ల చావులు లెక్కలో కూడా పడవు. 2018 ఆగస్టులో కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీ పేలుడులో పది మందికి పైగా చనిపోయారు. 2021 మేలో కడప జిల్లా మామిళ్లపల్లె ముగ్గురాళ్ల క్వారీ దగ్గర పేలుడు పదార్థాలు దించుతుంటే పది మంది ముక్కలయ్యారు. 2025 ఆగస్టులో బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో రాళ్లు విరిగిపడి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. మన జగ్గయ్యపేట దగ్గర బూదవాడ సిమెంటు ఫ్యాక్టరీలో 2024 జూలైలో జరిగిన ప్రమాదంలో కార్మికులు కాలిపోయారు, ప్రాణాలు పోయాయి. ప్రతిసారీ మంత్రి వస్తాడు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తాడు, కమిటీ వేస్తారు. తర్వాత ఇంకో ఊరి పేరు పేపర్లో వస్తుంది.

క్వారీని నిట్టనిలువుగా కోయకూడదు, మెట్లు మెట్లుగా దిగాలి, మెట్టు వెడల్పు దాని ఎత్తుకి తగ్గకూడదు అని రూలు ఉంది. పేలుడు పెట్టేటప్పుడు కనీసం 300 మీటర్ల లోపల మనిషి ఉండకూడదని రూలు ఉంది. గనిలో చేరేటప్పుడు, తర్వాత ప్రతి అయిదేళ్లకీ డాక్టరు పరీక్ష చేయించాలని ఉంది. 1952 గనుల చట్టం కాలం నుంచీ నడుస్తున్న రూళ్లివి. 2020లో పార్లమెంటు పాత కార్మిక చట్టాల్ని కోడ్‌ల పేరుతో కలిపేసింది. పేరు ఏదైనా క్వారీ యజమానికి ఈ బాధ్యత తప్పదు. మేస్త్రీ కింద పనిచేసినా అసలు యజమాని బాధ్యత పోదు. మరి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో ఎన్ని క్వారీల్లో కూలీ పేరు మస్టరులో ఉంది? పేరే లేకపోతే చచ్చినా చచ్చినట్టు రుజువు లేదు.

కాబట్టి పల్లెకీ కూలీకీ తగాదా పెట్టొద్దు. ఇంట్లో దుమ్ము మింగే తల్లీ, క్రషర్ దగ్గర దుమ్ము మింగే కొడుకూ ఒకే ఇంటివాళ్లు. నీళ్లు చిమ్మితే ఇద్దరికీ మేలు. మెట్లుగా తవ్వితే కూలీ బతుకుతాడు, కొండ ఒక్కసారే మాయం కాదు. ఇద్దరి శత్రువూ ఒక్కడే. చట్టానికి పెట్టాల్సిన ఖర్చుని లాభంలో కలుపుకునేవాడు.

పాలస్తీనా కొండలు

ఇది మన మెట్టలోనే జరుగుతున్న సంగతి కాదు. పాలస్తీనాలో కూడా రాయే పెద్ద బతుకుతెరువు. జెరూసలేం రాయి అని లోకమంతా కొనే సున్నపురాయి అది. వెస్ట్‌బ్యాంకు అనే ఆ ప్రాంతాన్ని 1967 నుంచి ఇజ్రాయిల్ సైన్యం ఆక్రమించుకుని ఉంది. అక్కడ ఇజ్రాయిల్ కంపెనీలు క్వారీలు నడుపుతున్నాయి. ఆ రాయిలో 94 శాతం ఇజ్రాయిల్‌కీ, దాని సెటిల్‌మెంట్లకీ పోతోందని హ్యూమన్ రైట్స్ వాచ్ 2016లో రాసింది. ఆక్రమించినవాడు తోట కాయలు కోసుకోవచ్చేమో గానీ తోటనే అమ్ముకోకూడదు అన్నట్టుగా 1907 హేగ్ ఒప్పందంలో ఒక సూత్రం ఉంది. రాయి ఒకసారి తీస్తే మళ్లీ కాయదు. అయినా 2011లో ఇజ్రాయిల్ సుప్రీంకోర్టు ఆ క్వారీలను ఆపడానికి ఒప్పుకోలేదు. ఇంకోపక్క 2016 మార్చిలో బేత్ ఫజ్జార్ అనే ఊళ్లో పాలస్తీనా వాళ్ల సొంత క్వారీలను పర్మిట్లు లేవని సైన్యం మూయించి యంత్రాలు పట్టుకుపోయింది. పర్మిట్లు ఇవ్వనిది ఎవరు? మూయించిన ఆ ప్రభుత్వమే.

మన పరిస్థితీ వాళ్ల పరిస్థితీ ఒకటే అని మేం అనడం లేదు. మన మీద పరాయి సైన్యం లేదు. ఓటు ఉంది, కోర్టు ఉంది. కానీ ప్రశ్న ఒకటే. కొండ మీద నిర్ణయం చేసేది కొండ కింద బతికేవాడా, దూరం నుంచి వచ్చినవాడా? వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి కూడా ఉంది. బేత్ ఫజ్జార్‌లోనూ, నాబ్లస్ పక్క జమ్మాయీన్‌లోనూ పాలస్తీనా వాళ్లు నడిపే క్వారీల దుమ్ము కూడా పాలస్తీనా రైతు ఆలివ్ చెట్ల మీదే పడుతోంది. మనవాడు తవ్వినంత మాత్రాన దుమ్ము తీపి కాదు. రేపు మన సొసైటీకే క్వారీ వచ్చినా నీళ్లు చిమ్మాల్సిందే.

టన్నుకి ఎంత?

ఒక టన్ను సిమెంటు క్లింకరుకి సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. సిమెంటు సున్నపురాయికి 2014లో ఖాయం చేసిన రాయల్టీ టన్నుకి 80 రూపాయలు. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజుదారు రాయల్టీ మీద ఇంకో 30 శాతం, అంటే టన్నుకి 24 రూపాయలు, ఆ నిధికి కట్టాలి. వేలంలో వచ్చిన కొత్త లీజుదారు 10 శాతం కట్టాలి. ఈ డబ్బు గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లకే. తాగునీళ్లు, వైద్యం, చదువు, కాలుష్య నివారణకి పెద్ద వాటా ఖర్చు పెట్టాలని నిబంధన. దెబ్బతిన్నవాళ్లెవరో వీలైనంతవరకు గ్రామసభతో సంప్రదించి గుర్తించాలని కూడా ఉంది.

మీ పల్లెలో ఆ గ్రామసభ ఎప్పుడు జరిగింది? ఆ జాబితా ఎవరు చూశారు? ఖనిజ నిధితో ఎక్కడో సిమెంటు రోడ్డు వేసి ఆర్భాటంగా శిలాఫలకం పెట్టుకుంటున్నారు. ఆ రోడ్డు మీద నడిచే టిప్పరే మళ్లీ దుమ్ము లేపుతోంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. ధన్‌బాద్ బొగ్గు గనులకు పోయి లోపలికి దిగి చూశారు. 1944లో బొగ్గు మీద సెస్సు వేసి గని కార్మికుల సంక్షేమ నిధి పెట్టించారు. నేలలోంచి తీసే ప్రతి టన్నులోనూ తీసేవాడి ఇంటికి, నీటికి, మందుకి వాటా ఉండాలన్నది ఆ నిధి వెనకున్న న్యాయం. సున్నపురాయి కార్మికులకు కూడా 1972లో అట్లాంటి చట్టం వచ్చింది. ఆ తర్వాత ఆ సెస్సు ఎత్తేశారు. పేపర్లో చిన్న వార్త కూడా కాలేదు.

జగ్గయ్యపేట పక్కనే ధనంబోడు ఉంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1882లో బర్జెస్ దొర తవ్వి చూశాడు. సున్నపురాతి స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి శాసనం దొరికింది. ఆ స్తంభాలిచ్చింది సిద్ధార్థుడనే శిల్పి అని అందులో ఉంది. దాదాపు 1,700 ఏళ్ల కింద రాతిపని చేసినవాడి పేరు రాతి మీద ఉంది. ఈ రోజు కోట్ల టన్నులు తీస్తున్న కూలీ పేరు మస్టరు కాగితం మీద కూడా లేదు.

ఏం చేద్దాం?

పార్టీల మీద ఆశ పెట్టుకుంటే ఎట్లా ఉంటుందో చూశాం. కొండపల్లి రిజర్వు ఫారెస్టులో గ్రావెల్ తవ్వకాల గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. ప్రతిపక్షంలో ఉన్నవాడు కొండెక్కి చూపిస్తాడు, అధికారంలో ఉన్నవాడు లేదంటాడు. కుర్చీలు మారితే మాటలు తారుమారవుతాయి. కొండపల్లి బొమ్మ చేసే తెల్లపొణికి చెట్టు గురించి గానీ, ఆ కొండ కింద పల్లె గురించి గానీ ఇద్దరికీ పట్టదు. నందిగామ 2009 నుంచి రిజర్వుడు నియోజకవర్గం. మన పేరుతో గెలిచినవాళ్లు మన దుమ్ము గురించి అసెంబ్లీలో ఎన్నిసార్లు మాట్లాడారో మీరే లెక్కపెట్టుకోండి.

కాబట్టి మన పని మనమే మొదలుపెట్టాలి. ఈ కింది పనులకి లాయరు అక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు.

ఒకటి. ప్రతి పల్లెలో ఒక నోటుబుక్కు పెట్టండి. పేలుడు ఏ రోజు, ఏ టైముకి జరిగింది, ఏ ఇంటి గోడ పగిలింది, ఏ బావి ఎప్పుడు ఎండింది, ఎవరు దగ్గుతో మంచం పట్టారు రాయండి. మన దగ్గర రాసిపెట్టింది లేకపోతే వాళ్లు రాసుకున్నదే నిజమవుతుంది.

రెండు. పర్యావరణ అనుమతి వచ్చిన క్వారీ ఆ కాగితం నకలు పంచాయతీకి ఇవ్వాలి. పంచాయతీ ఆఫీసులో అడగండి. లేదంటే 2005 సమాచార హక్కు చట్టం కింద లీజు కాపీ, అనుమతి షరతులు, ఆరునెలలకోసారి ఇచ్చే నివేదికలు తీసుకోండి. అయిదు హెక్టార్ల లోపు చిన్న క్వారీకి కూడా అనుమతి తప్పదని 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్నది కదా అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

మూడు. క్వారీ హద్దు నుంచి పల్లెలో మొదటి ఇంటికి దూరం మీరే టేపు పెట్టి కొలవండి. కాగితంలో రాసిన దూరంతో పోల్చండి. తేడా ఉంటే కలెక్టరుకి రాయండి.

నాలుగు. క్రషర్లోనూ క్వారీలోనూ పనిచేసేవాళ్లందరికీ ఎక్స్‌రే శిబిరం పెట్టమని అడగండి. ఖర్చు ఖనిజ నిధి నుంచి పెట్టమనండి. ఒడిశా, బీహారు కూలీలను వదిలిపెట్టొద్దు. వాళ్లు మన పోటీదారులు కాదు, మన తోటివాళ్లు.

అయిదు. ఖనిజ నిధి మీద పల్లెలోనే గ్రామసభ జరగాలి. ఊరి రచ్చబండ దగ్గర కాదు. అక్కడ మనం వెనక నిలబడాల్సి వస్తుంది.

ఆరు. వదిలేసిన ప్రతి గుంతకీ కంచె వేయించాలి. పల్లె అడిగితే ఆ నీళ్లు పల్లెకే ఇవ్వాలి, చేపల హక్కు పల్లె సొసైటీకి ఇవ్వాలి.

ఇవన్నీ చేస్తే కొండ తిరిగి వస్తుందా? రాదు. పోయిన కొండ పోయినట్టే. అందుకే మిగిలిన కొండ గురించి ఈ రోజే మాట్లాడాలంటున్నాం. నది అవతల అమరావతిలో రాజధాని పనులు 2025 మేలో మళ్లీ మొదలయ్యాయి. రోడ్లకీ భవనాలకీ కంకర కావాలి. కంకర కావాలంటే అందరూ చూసేది మన కొండల వైపే. రాజధాని కట్టొద్దని మేం అనం. దానికి రాయి ఇచ్చే పల్లెలో తాగడానికి నీళ్లు, పీల్చడానికి గాలి ఉండాలంటున్నాం.

మేం తిరిగి వస్తుంటే ఆ పెద్దమ్మ ఒక మాట అంది. "మీరు రాసింది చదివి ఎవరన్నా వస్తారా నాయనా?" అని. వస్తారో రారో మేం చెప్పలేం పెద్దమ్మా. కానీ ఈ పత్రిక చేతికందిన ప్రతి కార్యకర్తా ఒక్క టేపు, ఒక్క నోటుబుక్కు పట్టుకుని దగ్గర్లోని ఒక్క కొండ కిందికి పోవాలని మేం అడుగుతున్నాం. వచ్చే సంచికల్లో మీరు కొలిచిన కొలతలు, మీరు రాసిన రోజులు వేస్తాం. పోస్టులో పంపండి. చేతిరాత అయినా సరే.

జై భీమ్!